సందు

పర్లాకిమిడిలో, జెరాక్స్ కొట్టు పైన,
బెహరా గారి పళ్ళ ఆసుపత్రిలో
రెండేళ్ళుగా పుచ్చులు పూడుస్తున్నాను.
సిమెంటు కలిపే గాజు పలక మీద
నిన్న నా ర్యాంకు రాసి చూసుకున్నాను.
నాలుగంకెలు.
తడిగుడ్డ పెడితే పలక మీంచి పోయాయి.

వంకర పళ్ళు తిన్నగా చేసే చదువు కావాలి నాకు.
అందరికీ అదే కావాలి.
గుణుపురం పాసింజర్లో కిటికీ పక్క చోటులా
బండి ఆగకముందే
ఎవరిదో తువ్వాలు పడి ఉంటుంది.

"ఛాన్సెంత?" అంటాడు కింద కొట్టు లోకనాథం,
నా సర్టిఫికెట్లు మూడోసారి తీస్తూ.
పోయినేడు ఆఖరి సీటు ఏ ర్యాంకుకొచ్చిందో చెప్తాను.
వేళ్ళ మీద తీసివేత చేసి
"దగ్గరేనమ్మా" అంటాడు.
దగ్గరంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు!
మహేంద్రతనయ దాటితే పాతపట్నం.
ఎండాకాలం కుచ్చిళ్ళు తడవకుండా దాటొచ్చు.
అటు ఫారంలో నేను బయటిదాన్ని.
ఇటు ఫారంలో మాతృభాష గడి దగ్గర
గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగుతుంది,
ఆగి, రాస్తుంది.

మంగళవారం గుమ్మా నుంచి ఎస్తేరు రైతా వచ్చింది.
పదమూడేళ్ళు.
కోరపన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుంది.
నవ్వొస్తే అరచెయ్యి అడ్డం.
"పన్ను మీద పన్ను అదురుష్టమమ్మా,
దాన్ని కదపకండి" అంది
బెంచీ మీంచి పొగాకు బుగ్గ అప్పాయమ్మ.
అద్దం పెట్టి చూశాను.
తప్పు ఆ పంటిది కాదు.
రావాల్సిన వేళకే వచ్చింది,
అప్పటికే ముందొచ్చినవి సర్దుకున్నాయి.
ఇంకో పన్ను, పుచ్చు లేని మంచి పన్ను,
పీకితే గానీ దానికి సందు దొరకదు.
పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులు.
కానీ నా పైనున్న వాళ్ళలో
ఎవరెవరు చేరకుండా మానేస్తారా అని
రాత్రి రెండింటిదాకా లెక్కపెట్టిందాన్ని,
చెయ్యి కొంచెం వణికింది.

"తీగ నువ్వే కడతావా?"
"బరంపురం వెళ్ళాలి. నెలకోసారి. రెండేళ్ళు."
వాళ్ళ నాన్న బస్సు చార్జీలూ
పోయే కూలి రోజులూ
పెదాలు కదుపుతూ కూడుకున్నాడు.
మొత్తం ఎంతైందో చెప్పలేదు.

మధ్యాహ్నం కట్టుడు పళ్ళకి బృందావన మహారణా.
కొమ్ముతో రొయ్యల్నీ కొంగల్నీ చేసే మనిషి.
నా బల్ల మీద తీగముక్కలు తిప్పి చూశాడు.
"నిప్పు సూపిస్తే కొమ్ము సెప్పినట్టు వొంగుతాది.
సల్లారేదాకా పట్టుకోవాల.
ముందే వదిలీసేవనుకో,
పాత వొంకర గేపకమొస్తాది దానికి."
మా పుస్తకంలో ఇందుకో అధ్యాయముంది, ముప్ఫై పేజీలు.
ఆయన పుక్కిలించి ఉమ్మి వెళ్ళిపోయాడు.

సాయంత్రం రెండో జాబితా.
నాకు సీటొచ్చింది.
చిగుళ్ళ శాఖలో.
రేపు మధ్యాహ్నంలోగా ఔననాలి,
ఔనంటే తీగల తలుపు ఇక మూసుకున్నట్టే.
"చిగుళ్ళు మాత్రం తక్కువా? పునాది కదా"
అన్నారు బెహరా గారు, చేతి తొడుగులు విప్పుతూ.
నిజమే.
వేళ్ళకి చెప్పి చూశాను.

ఆసుపత్రి షట్టరు సగం దించి
ఎస్తేరు పళ్ళ అచ్చు ముందేసుకున్నాను.
డబ్బు తీసుకోకుండా తీసిన అచ్చు,
తెల్లటి ప్లాస్టరు మీద ఆమె సిగ్గు లేదు.
తీగ వంచుతున్నాను.
కోరపన్ను మలుపు దగ్గర మూడుసార్లు తప్పింది.
ఫోను వెలిగింది, ఆరింది.
లోకనాథం కిందనుంచి అరిచాడు,
"ప్రింటు తియ్యాలా అమ్మా, కొట్టు కట్టేస్తన్నాను!"
ఒక్క నిమిషం, అన్నాను.
నాలుగోసారి
పెన్సిలు మొన పట్టేంత సందు.
పొడి ఊది మళ్ళీ చూశాను,
ఉందో, నాకే అలా అనిపిస్తోందో.